బెల్లమ్మ దొరసాని కోరిక

భావనారాయణ మంచివాడే. మరీ పిచ్చి మంచివాడు. శ్రీకూర్మంలో స్వామివారి సేవ చేసుకునే ఇంట్లో పుట్టి, ఆ సేవ అన్నగారికి వదిలేసి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, నెల్లిమర్లకి కూతవేటు దూరంలో ఉన్న గెడ్డపేట హైస్కూల్లో మేస్టరుగా చేరాడు. చేరి ఏడాది దాటింది. పెళ్ళి అంతకు ముందే అయింది. భార్య శ్యామలాంబ మాత్రం ఇంకా నౌపడలో పుట్టింట్లోనే ఉంది.

దానికి కారణం మావగారు వేంకటాచలం. ఆయన నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర గుమాస్తా. ఉప్పు తూచీ తూచీ ఆయనకి మనుషుల్ని కూడా తూచడం అలవాటైపోయింది. "ఉద్యోగం పర్మనెంటు కానీవయ్యా, అప్పుడు పంపిస్తాను. టెంపరరీవాడి ఇంటికి పిల్లని పంపి రేపు నేను ఎక్కడ వెతుక్కోను?" అన్నాడు. ఇంత మాటకి ఎవరైనా ఏదో ఒకటి అనాలా వద్దా? మనవాడు ఏమీ అనలేదు. "అలాగేనండీ మావయ్యగారూ" అని తలూపి, రైలెక్కి వచ్చేశాడు. ఊపడానికి మెడ మీద తల ఒకటుంది కదా మరి.

పోనీ భార్యకి ఉత్తరమైనా సరిగ్గా రాశాడా అంటే అదీ లేదు. ఉత్తరం ముందు మావగారి చేతికి వెళుతుంది. అందుకని ఎండల గురించి రాసేవాడు, వానల గురించి రాసేవాడు, నువ్వులు బాగా పండాయని రాసేవాడు. నువ్వు లేకపోతే నాకు అన్నం సయించడం లేదన్న మాట మాత్రం కలంలోంచి దిగేది కాదు. నోట్లోంచి అంతకన్నా దిగేది కాదు. పండక్కి వెళ్ళినప్పుడు కూడా ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని "కులాసాయేనా" అని అడిగి వచ్చిన ఘనుడు.

ఇక మిగిలింది పర్మనెంటు. అది కావాలంటే ఇన్‌స్పెక్టరుగారు వచ్చి పాఠం చూసి, బాగుందని రాయాలి. ఇన్‌స్పెక్టరు నరసింగరావు విజయనగరం నుంచి వస్తాడు. బొద్దుగా ఉంటాడు, కిర్రుకిర్రుమనే బూట్లు తొడుక్కుంటాడు. ఇంగ్లీషు పాఠం డైరెక్ట్ మెథడ్‌లో చెప్పాలన్నది ఆయన పట్టుదల. అంటే క్లాసులో అడుగుపెట్టింది మొదలు గంట కొట్టేదాకా మేస్టారి నోట ఒక్క తెలుగు ముక్క రాకూడదు. కొత్త మాట వస్తే, అది వస్తువైతే తెచ్చి చూపించాలి, పనైతే చేసి చూపించాలి. క్యాట్ అంటే పిల్లిని తేవాలి. జంప్ అంటే గెంతాలి. ఆ చుట్టుపక్కల ఏదో ఊళ్ళో ఒక మేస్టరు గెంతుతూ గెంతుతూ కాలు బెణికి "అమ్మా" అన్నాడట. అమ్మా అన్నది తెలుగు కిందికి వస్తుందని అతన్ని ఇంకో ఏడాది టెంపరరీలోనే ఉంచేశారట.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చే రోజుకి భావనారాయణ గొడుగు మీద పాఠం తయారుచేసుకున్నాడు. చంకలో గొడుగు కూడా పెట్టుకొచ్చాడు. ఆ పెద్దమనిషి వచ్చి, కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుని, పుస్తకం తిరగేసి, ఇదిగో ఈ పేజీ చెప్పండి అని ఇంగ్లీషులో అంటూ వేలు పెట్టి చూపించాడు. అది తుపానులో చిక్కుకున్న ఓడ కథ. అందులో కెప్టెన్ మతి చెడి నవ్వుతాడు. ఆ నవ్వు మామూలు నవ్వు కాదు, డెమోనియాక్ నవ్వు అని రాసి ఉంది.

భావనారాయణకి ఆ మాట తెలియక కాదు. దెయ్యం పట్టినవాణ్ణి డెమోనియాక్ అంటారు. దెయ్యం పట్టినట్టున్న నవ్వుకీ, కోపానికీ, పరుగుకీ కూడా ముందు ఆ మాట తగిలిస్తారు. తెలుగులో అయితే చిటికెలో చెప్పి పక్కవాక్యంలోకి వెళ్ళిపోవచ్చు. ఇప్పుడు దెయ్యాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించాలి?

ముందు బోర్డు మీద బొమ్మ గీశాడు. రెండు కొమ్ములు, కోరలు, ఎర్ర సుద్దతో కళ్ళు పెట్టి, "వాట్ ఈజ్ దిస్?" అన్నాడు. పిల్లలందరూ ఒక్క గొంతుతో "బఫెలో సార్" అన్నారు. ఇన్‌స్పెక్టరుగారు దగ్గారు. భావనారాయణకి నౌపడ వెళ్ళే రైలు కళ్ళ ముందునుంచి వెళ్ళిపోతున్నట్టే అనిపించింది.

ఇంక తెగించాడు. కండువా నడుముకి బిగించాడు. మేస్టరై కూడా తీయించుకోని పిలకని, జుట్టులో దోపుకు తిరుగుతున్నదాన్ని, పైకి లాగి విప్పాడు. చిన్నప్పుడు జాతర్లలో చూసినదంతా గుర్తు తెచ్చుకుని, కళ్ళు తేలేసి, నాలుక బయటపెట్టి, తల గిరగిరా తిప్పుతూ ఊగడం మొదలుపెట్టాడు. మొదట కాస్త సిగ్గుపడుతూ ఊగాడు. పిల్లల కళ్ళు పెద్దవవుతుంటే హుషారొచ్చింది. బల్ల మీద అరచేత్తో బాది, "దిస్ ఈజ్ డెమోనియాక్! అయామ్ ఎ డెమోనియాక్!" అని స్కూలు పెంకులు లేచిపోయేలా నవ్వాడు. ఇన్‌స్పెక్టరుగారి మొహంలో కూడా వెలుగొచ్చింది. చేత్తో, కానివ్వండి కానివ్వండి అని సైగ చేశాడు.

అదే సమయానికి జగ్గమ్మ గంట కొట్టడానికి వరండాలో సుత్తి ఎత్తింది. జగ్గమ్మ ఆ స్కూలు ఊడుస్తుంది, నీళ్ళు పోస్తుంది, గంట కొడుతుంది. అంతకంటే ముఖ్యం, గెడ్డపేటలో ఎవరికి ఏది పట్టినా ముందు జగ్గమ్మకి కబురు వెళుతుంది. వచ్చినది అమ్మవారో, గాలో, ఒట్టి వేషమో మొహం చూసి తేల్చేయగలనని ఆవిడ నమ్మకం. ఊరి నమ్మకం కూడా అదే. ఆ నవ్వు విని కిటికీలోంచి చూసింది. చూసి, కొట్టబోయిన గంట కొట్టకుండానే సుత్తి కింద పడేసి లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"మేస్టారికి పట్టింది" అని తేల్చేసింది.

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. పట్టినవాళ్ళని అసలు పేరుతో పిలవకూడదు. పీట మీద కూర్చోబెట్టి, కాళ్ళకి పసుపునీళ్ళు పోసి, పొగ వేసి, ఎవరివి, ఏం కావాలి అని అడగాలి. ఏది అడిగితే అది ఇచ్చి సాగనంపాలి. ఇవ్వనని ఎవరైనా అంటే, పట్టినది ఇతన్ని వదిలి ఆ అన్నవాడి మీదకి ఎక్కుతుంది. అందుకే గెడ్డపేటలో దెయ్యం కోరిక తీరకుండా ఎప్పుడూ ఉండిపోలేదు. కోళ్ళు, చీరలు, గాజులు, ఒకసారి ఎవరో కోడలి మీదకి ఎక్కిన, చచ్చిపోయిన మావగారి కోసం చుట్టల కట్ట కూడా తెచ్చి ఇచ్చారు.

భావనారాయణ ఊగడం ఆపేశాడు. నాకేమీ పట్టలేదే తల్లీ అని నోటిదాకా వచ్చింది. కానీ గంట కొట్టలేదు. గంట కొట్టందే క్లాసు అయినట్టు కాదు. ఎదురుగా నరసింగరావు పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క ముక్క తెలుగు రాలిందా, ఇంకో ఏడాది కులాసాలే. అందుకని చేతులు జోడించి, "ప్లీజ్, ది బెల్! రింగ్ ది బెల్!" అన్నాడు.

జగ్గమ్మ చెంపలేసుకుంది. ఊరవతల పాడుపడ్డ బంగళాలో ఎప్పుడో ఒక దొరసాని జ్వరమొచ్చి పోయిందని అందరికీ తెలుసు. ఇంగ్లీషు తప్ప ఇంకోటి రాని దెయ్యం ఆ తాలూకాలో అదొక్కటే. "దొరసానే. పేరు కూడా సెప్పుకుంటన్నాది. బెల్లమ్మంట" అంది.

అంతే, ఊరంతా వచ్చేసింది. పొలాల్లోంచి కూడా వచ్చారు. స్కూలు కమిటీకి పెద్దయిన అప్పలసూరి తలపాగా చుట్టుకుంటూ వచ్చి, మేస్టార్ని చూసి, పీట తెప్పించాడు. పసుపునీళ్ళు వచ్చాయి. వేపమండలు వచ్చాయి. ఎవరో నిప్పుల మీద ఎండుమిరపకాయలు వేశారు. పిల్లలు మాత్రం బెంచీల్లోంచి కదలలేదు. గంట కొట్టలేదుగా, కదిలితే మేస్టారు కోప్పడతారని వాళ్ళ భయం.

భావనారాయణ దగ్గు దగ్గు కాదు. "స్టాప్! ఐ కెనాట్ బ్రీత్! సార్, హెల్ప్ మీ!" అని అరిచిన కొద్దీ, దొరసాని గట్టిదే అని జనం ఇంకో గుప్పెడు మిరపకాయలు వేశారు. నరసింగరావు కూడా లేచి నిలబడ్డాడు. ఆయనేం ఇంగ్లండులో పుట్టలేదు. ఆయన పుట్టిన ఊళ్ళోనూ వేపమండలే, మిరపకాయ పొగే. మొదట పాఠమే అనుకున్నాడు, ఇంత బాగా ఎవరూ చెప్పలేదనుకున్నాడు. ఇప్పుడు మేస్టరు ఎర్రబడ్డ కళ్ళతో ఏడుస్తూ ఇంగ్లీషులో మొత్తుకుంటుంటే ఆయన ధైర్యం కాస్తా బూట్లలోకి దిగిపోయింది.

అప్పలసూరి ఆయన వైపు తిరిగాడు. "బాబూ ఇనస్పెట్రుగారూ, ఇక్కడ ఇంగ్లీసు వొచ్చినోరు మీరొక్కులే. ఎవులివో, ఏటి కావాలో అడిగి మాకు సెప్పండి" అన్నాడు. కాదంటే ఏమవుతుందో పక్కనుంచి జగ్గమ్మ చెప్పింది. నరసింగరావు కాదనలేదు.

కాస్త దూరంగానే నిలబడి, నువ్వెవరివని ఇంగ్లీషులో అడిగాడు. భావనారాయణ ఇది పరీక్షలో భాగమే అనుకున్నాడు. తన పేరు, ఊరు, చదువు, జీతం ఎక్కడా తడబడకుండా ఇంగ్లీషులో అప్పజెప్పాడు. ఇన్‌స్పెక్టరుగారు ఉన్నది ఉన్నట్టే తెలుగు చేశారు. జగ్గమ్మ పెదవి విరిచింది. ఎక్కిన ప్రతి దెయ్యమూ ముందు అలాగే ఎక్కినవాడి పేరు చెప్పి తప్పించుకోజూస్తుందట. ఇంకో ప్రశ్న అడగమంది.

"వాట్ డూ యూ వాంట్?" అన్నాడు నరసింగరావు.

ఇక్కడే భావనారాయణ పర్మనెంటు అడగాలి. అడిగేవాడు ఇన్‌స్పెక్టరు, ఇవ్వాల్సినవాడూ ఇన్‌స్పెక్టరు, కాదంటే దెయ్యం ఎక్కుతుందని ఊరు ఊరంతా చుట్టూ నిలబడింది. ఇంతకంటే మంచి అదను మనిషి బతుకులో మళ్ళీ వస్తుందా? కానీ పొగకి కళ్ళు మండుతున్నాయి, కాళ్ళ మీంచి పసుపునీళ్ళు కారుతున్నాయి, ఈ జనంలో తనవాళ్ళన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఏం కావాలి అని తనని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయింది? గుండెలో ఏడాదిగా అడ్డం పడి ఉన్నది ఒక్కసారి కదిలింది. తెలుగులో అయితే చచ్చినా వచ్చేది కాదు. ఇంగ్లీషులో మాట సిగ్గు తెలియకుండా జారిపోయింది.

"ఐ వాంట్ మై వైఫ్" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "ఐ వాంట్ మై వైఫ్, సార్. ఓన్లీ మై వైఫ్."

నరసింగరావు మొహం కందగడ్డ అయింది. ఇంతమంది ఆడవాళ్ళ ముందు ఈ మాట ఎలా తెలుగు చేస్తాడు? గొంతు సవరించుకుని, దొరసానికి ఒక కోడీ, కాసిని మంచినీళ్ళూ కావాలట అని చెప్పేశాడు.

మూడో బెంచీలోంచి పద్మకుమారి లేచి నిలబడింది. అప్పలసూరి మనవరాలే. "కాదండి. వైఫ్ అంటే పెళ్ళాం అండి. మేస్టారికి ఆరి పెళ్ళాంగారు కావాలంటండి" అంది.

వెనకాల క్లాసంతా అవునంటే అవునంది. వైఫ్ అన్న మాటని వాళ్ళు మరిచిపోయే ప్రశ్నే లేదు. ఆ మాటకి అర్థం చెప్పిన రోజు డైరెక్ట్ మెథడ్ ప్రకారం భావనారాయణ జేబులోంచి శ్యామలాంబ ఫోటో తీసి చూపించాడు. చూపించినవాడు దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకోవడం మరిచిపోయి అలాగే చూస్తూ నిలబడిపోయాడు. ఆ పీరియడంతా ఇంకో మాటే చెప్పలేదు.

అప్పలసూరి ఇన్‌స్పెక్టరుగారి వైపు ఒక చూపు చూశాడు. జగ్గమ్మ, తెలిసి తెలిసి కోరిక మార్చి చెప్పినవాళ్ళని బెల్లమ్మ ఏం చేస్తుందో తనకి తెలియదని, మిగతా దెయ్యాలైతే మెడ విరిచేస్తాయని చెప్పింది. నరసింగరావు గబగబా తనే వరండాలోకి వెళ్ళి, కింద పడ్డ సుత్తి తీసి, వేలాడుతున్న రైలు పట్టాముక్క మీద టంగుటంగుమని గంట కొట్టేశాడు.

గంట వినపడగానే భావనారాయణ ఒళ్ళు వదిలేశాడు. "మంచినీళ్ళు... కాసిని మంచినీళ్ళు ఇప్పించండి" అన్నాడు తెలుగులో. తెలుగు వచ్చిందంటే దొరసాని దిగినట్టే అని జనం దండాలు పెట్టుకున్నారు. అతని చేతికి పసుపుగుడ్డ కట్టి, నీ కోరిక తీరుస్తామమ్మా అని ఊరి తరఫున అప్పలసూరి మాటిచ్చాడు.

జనం కాస్త పలచబడ్డాక నరసింగరావు పక్కకి పిలిచాడు. పర్మనెంటు గంగలో కలిసిందని భావనారాయణ అనుకున్నాడు. ఆయన నేల చూపులు చూస్తూ, "గంట కొట్టేదాకా ఒక్క తెలుగు ముక్క రాలేదు. పిల్లలకి నాకంటే బాగా అర్థమైంది. అదే రాస్తాను" అన్నాడు. వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కి వచ్చాడు. "ఆవిడ్ని మాత్రం తొందరగా తీసుకొచ్చేయండి. కోడీ, నీళ్ళూ అని నేను కావాలని అన్నది కాదని... ఆ దొరసానికి... మీకు వీలైతే చెప్పండి" అని బూట్లు కిర్రుమనిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న బండికి అప్పలసూరి, జగ్గమ్మ నౌపడ వెళ్ళారు. మేస్టారు వద్దు వద్దంటున్నా వినలేదు. అక్కడ జరిగింది జగ్గమ్మ తరవాత అతనికి చెప్పింది. వేంకటాచలంగారు వాకిట్లోనే నిలబెట్టి, దొరసాని సంగతంతా విని, పర్మనెంటు కాగితం తెచ్చారా అన్నారట. కాగితం లేకపోతే పిల్లని పంపేది లేదన్నారట. జగ్గమ్మ అరుగు మీద చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, తాపీగా చెప్పిందట.

"పంపకండి బాబూ, మాకేటి. కాదన్నోరి మీదకే ఎక్కుతాది. మాకు పీడ వొదిలిపోద్ది. ఆయమ్మ బెల్లమ్మకి పొద్దున్నే రొట్టి, గుడ్డు కావాల. మీ ఇంట్లో ఏ గిన్నెలో వొండుతారో సూసుకోండి."

మడి ఆచారం ఉన్న మనిషి వేంకటాచలం. గుడ్డు అన్న మాట చెవిన పడగానే లోపలికి వెళ్ళి తనే ట్రంకుపెట్టె బయటికి లాగాడట. పప్పులు, పచ్చళ్ళు, అప్పడాలు అన్నీ సర్దించి, నెల్లిమర్లకి టిక్కెట్టు కూడా తనే కొనిచ్చాడట. ఏడాదిగా తూచిన మనిషి ఆ పూట తూకం రాయి పారేశాడు.

సాయంత్రానికి శ్యామలాంబ గెడ్డపేటలో దిగింది. ఊరి ఆడవాళ్ళు హారతిచ్చి, దిష్టి తీసి, చేటల్లో బియ్యం, గుమ్మడికాయ, బెల్లం తెచ్చి ఆ ఒంటిగది ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేకుండా చేసి వెళ్ళారు. ఇద్దరూ మిగిలారు. భావనారాయణ గుమ్మడికాయ అవతల నిలబడి, "కులాసాయేనా?" అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వలేదు. ట్రంకుపెట్టె మీద కూర్చుంది. తాళం ఇంకా తీయలేదు.

"నాకొక్క మాట చెప్పండి. మీకు నిజంగా దొరసాని పట్టిందా?" అంది.

"లేదు లేదు. భయపడకు. అది పాఠం. ఆ మాటకి అర్థం చూపించాను, అంతే" అన్నాడు.

"అంతేనా?"

తను ఏమన్నాడో అతనికి అప్పుడు తట్టింది. అంతే కాదు అనడానికి నోరు తెరిచి, మూసుకున్నాడు.

శ్యామలాంబ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏడాదిగా మీరు ఎండల గురించి రాస్తున్నారు. నువ్వుల గురించి రాస్తున్నారు. నేను కావాలని ఒక్కసారి రాయలేదు. ఇవాళ మీ ఊరివాళ్ళు వచ్చి, దొరసాని అడిగింది రమ్మన్నారు. దొరసాని అడిగితే నేను రేపు పొద్దున్న బండికి వెళ్ళిపోతాను. ఆవిడెవరో నాకు తెలియదు. మీరు అడిగితే ఉంటాను" అంది.

భావనారాయణ గుమ్మడికాయ చుట్టూ తిరిగి వచ్చి ఆమె ఎదురుగా కూలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు ముందు కూడా ఇంత భయం వేయలేదు. "నేనే అడిగాను, శ్యామలా. ఐ వాంట్ మై..."

"తెలుగులో" అంది.

అతను తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పొగ లేదు, పసుపునీళ్ళు లేవు, పట్టుకోవడానికి ఏ దెయ్యమూ లేదు. అయినా అడిగాడు.

"నువ్వు లేకుండా నేను ఉండలేకపోతున్నాను. నువ్వు కావాలి."

శ్యామలాంబ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లేచి, మొలలోంచి తాళంచెవి తీసి, ట్రంకుపెట్టె తాళం తీసింది.

"నాన్నగారు అడిగితే మాత్రం దొరసానే అడిగిందని చెప్పండి" అంది.